స్టార్ ట్రెక్: నెక్స్ట్ జనరేషన్ బ్లూ-రే సెట్, మా ఇంట్లో మూడు తరాలు కలిసి చూశాక

పోయిన నవంబర్‌లో థ్యాంక్స్‌గివింగ్ సేల్‌లో ఈ సెట్ కొన్నాను, అంతరిక్ష నౌకలో తిరిగే మనుషుల కథలు చెప్పే అమెరికన్ టీవీ సీరియల్ ఇది. ఏడు సీజన్లు, 178 ఎపిసోడ్లు, 41 డిస్కులు. పెట్టె ఇంటికి రాగానే మా వాడు అడిగిన మొదటి మాట, "అమ్మా, ఇది యాప్‌లో ఉంది కదా, డిస్కులెందుకు?" అని. అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆరు నెలలు, నూట పది ఎపిసోడ్లు అయ్యాక ఇప్పుడు చెప్పగలను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను 2002 జనవరిలో తెనాలి నుంచి డాలస్ వచ్చాను, హెచ్ 4 వీసా మీద. ఆ వీసా మీద అప్పట్లో ఉద్యోగం చేయడానికి లేదు. నాకు కారు నడపడం రాదు, తెలిసినవాళ్ళు ఒక్కరు లేరు. మా ఆయన ఉదయం ఎనిమిదింటికి వెళ్తే మళ్ళీ రాత్రి ఏడింటికే. ఆ పదకొండు గంటలు నేనూ, ఆ అపార్ట్‌మెంటూ, టీవీ. కేబుల్‌లో టీఎన్‌ఎన్ అనే ఛానల్ ఉండేది, అందులో ఈ సీరియల్ పాత ఎపిసోడ్లు రోజూ వరసగా రెండు మూడు వేసేవాళ్ళు. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను కాబట్టి అంతరిక్ష నౌక చూడగానే చెయ్యి రిమోట్ మీద ఆగింది, కానీ అక్కడే ఉండిపోవడానికి కారణం ఫిజిక్స్ కాదు. కిరాణా కొట్లో అమ్మాయి మాట్లాడే ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది కాదు, నౌక కెప్టెన్ పికార్డ్‌గా వేసిన పాట్రిక్ స్టీవర్ట్ మాట్లాడేది మాత్రం ప్రతి అక్షరం అర్థమయ్యేది. పైగా ఆ నౌకలో కెప్టెన్ ఏదైనా సమస్య వస్తే అందర్నీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, నువ్వేమంటావు, నువ్వేమంటావు అని ఒక్కొక్కరినీ అడుగుతాడు. రోజంతా నన్నెవరూ ఏమీ అడగని రోజుల్లో ఆ బల్ల నాకు చాలా పెద్ద విషయం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నా అభిమానం ఆ గదిలో పుట్టింది. అది మా పిల్లలకి రాదు, రావాలని అడగనూ కూడదు. ఈ సంగతి నాకు ఈ ఆరు నెలల్లోనే అర్థమైంది, అంతకుముందు పదేళ్ళుగా వాళ్ళని బలవంతంగా కూర్చోబెట్టి చూపించి, వాళ్ళు ఫోన్ తీయగానే బాధపడిపోయేదాన్ని.

సరే, వస్తువు సంగతి. బొమ్మ అద్భుతంగా ఉంది, ఇందులో రెండో మాట లేదు. 1987 నుంచి 1994 దాకా తీసిన సీరియల్ ఇంత స్పష్టంగా ఎలా ఉందని మా ఆయన అడిగారు. దీని వెనక పెద్ద కథే ఉంది. షూటింగ్ అంతా 35 ఎంఎం ఫిల్మ్ మీదే చేశారు, కానీ ఖర్చూ టైమూ కలిసొస్తాయని ఎడిటింగ్, ఎఫెక్ట్స్ అన్నీ వీడియో టేప్ మీద చేశారు. అంటే చివరికి తయారైన ఎపిసోడ్ పాత టీవీకి సరిపోయే టేప్ మాత్రమే. నేను 2002లో చూసిన మసక బొమ్మ అదే. దాన్ని హైడెఫినిషన్ చేయాలంటే ఆ టేప్ ఎందుకూ పనికిరాదు, అసలు నెగటివ్‌లు పెట్టెల్లోంచి తీసి, మళ్ళీ స్కాన్ చేసి, ప్రతి ఎపిసోడ్‌నీ షాట్ తర్వాత షాట్ పాతదానికి సరిపోయేట్టు మళ్ళీ ఎడిట్ చేయాలి. నౌక మోడల్ షాట్లు విడివిడి పొరలుగా తీసినవాటిని మళ్ళీ ఒకదాని మీద ఒకటి పేర్చాలి. నిజంగా అలాగే చేశారు! 2012లో మొదటి సీజన్ వస్తే ఏడోది బయటికి వచ్చేసరికి 2014 డిసెంబర్ అయింది. అప్పట్లో ఆ నౌక స్క్రీన్లన్నీ డిజైన్ చేసిన మైకేల్ ఒకూడా, ఆయన భార్య డెనీస్ ఈ పనిలో కూడా ఉన్నారు. గోడల మీది బోర్డుల్లో చిన్న అక్షరాలు ఇప్పుడు చదవగలుగుతున్నాం. కెప్టెన్ యూనిఫామ్ బట్ట నేత కనిపిస్తోంది. నేను మొదటిరోజు రాత్రి ఒక్కదాన్నే కూర్చుని మూడో సీజన్లో ఒక ఎపిసోడ్ పెట్టుకుంటే, అన్నేళ్ళు చూసిన ముఖాలే మొదటిసారి దగ్గరగా చూసినట్టు అనిపించింది.

బొమ్మ 4:3లోనే, అంటే పాత టీవీల ఆకారంలోనే ఉంటుంది, పక్కన నల్ల పట్టీలు వస్తాయి. మా వాడికి అది నచ్చలేదు, టీవీ సెట్టింగ్స్‌లో సాగదీయబోయాడు, నేను ఒప్పుకోలేదు. ఫ్రేమ్ అలా కట్టారు, దాన్ని అలాగే చూడాలి. రెండో సీజన్ పని వేరే సంస్థకి ఇచ్చారు, మిగతావాటి పక్కన పెట్టి చూస్తే అది కొంచెం తక్కువగానే ఉంటుంది. మొదటి సీజన్ తొలి ముద్రణలో కొన్ని ఎపిసోడ్లకి శబ్దం స్పీకర్లలో తప్పుగా వచ్చేది, తర్వాత డిస్కులు మార్చి ఇచ్చారు, కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ఆ ఒక్కటి చూసుకోండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చక్కగా ఉన్నాయి.

ఇక పెట్టె గురించి నాకు నిజంగా కోపం వచ్చింది. డిస్కులు ఒకదాని వెనక ఒకటి పలుచటి ప్లాస్టిక్ రెక్కల్లో ఇరికించి ఉన్నాయి, నాలుగో సీజన్‌లో ఒక డిస్కు గీత పడి వచ్చింది. అమ్మినవాళ్ళకి మూడుసార్లు మెయిల్ పెడితే, మొత్తం సెట్ వెనక్కి పంపితేనే మారుస్తామన్నారు. 41 డిస్కులూ సర్ది, కట్టి, పోస్టాఫీసుకి మోసుకెళ్ళి, మళ్ళీ కొత్తది వచ్చేదాకా మూడు వారాలు. కొన్న వారం లోపలే అన్ని డిస్కులూ ఒకసారి వేసి చూసుకోండి.

పిల్లల దగ్గరికి వస్తాను. మా వాడికి పందొమ్మిది, మా అమ్మాయికి పదిహేడు. నేను చేసిన మొదటి తప్పు మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ నుంచి మొదలుపెట్టడం. ఆ సీజన్ బలహీనం, అభిమానులందరూ ఒప్పుకునే మాటే. నాలుగోరోజు కోడ్ ఆఫ్ ఆనర్ వచ్చింది. 1987లో తీసిన ఆ ఎపిసోడ్‌లో ఒక గ్రహం మీది వాళ్ళందర్నీ నల్లవాళ్ళుగా పెట్టి, వాళ్ళ నాయకుడు తెల్ల అమ్మాయిని ఎత్తుకుపోయినట్టు చూపిస్తారు. పది నిమిషాలకే మా అమ్మాయి రిమోట్ తీసుకుని ఆపేసింది, "ఇది చూడను" అంది. నేను అప్పటి కాలం అలాంటిది, తర్వాత బాగుంటుంది అని సర్దిచెప్పబోయాను. కానీ దానిదే న్యాయం. ఆ ఎపిసోడ్‌ని అందులో నటించినవాళ్ళే తప్పుబట్టారు, నేనెందుకు వెనకేసుకొస్తున్నాను? నాకు ఆ సీరియల్ మొత్తం కలిపి ఒక ఇల్లు లాంటిది, అందులో ఒక గది బాగాలేదంటే ఇంటినే అన్నట్టు పొడుచుకుంటుంది. దానికి అది ఇల్లు కాదు, కొత్తగా పరిచయమైన మనిషి, బాగున్నది బాగుందనీ లేనిది లేదనీ చెప్పగలదు.

అలాగే నాకు ఆశ్చర్యంగా ఉన్నవి వాళ్ళకి ఏమీ కావు. చేత్తో తాకితే పనిచేసే పలకలు, నోటితో అడిగితే జవాబు చెప్పే కంప్యూటర్ చూసి నేను 2002లో నోరు తెరిచాను, వాళ్ళు పుట్టినప్పటి నుంచీ వాటి మధ్యే ఉన్నారు. (ఆ తాకే పలకలు పెట్టింది భవిష్యత్తు తెలిసి మాత్రమే కాదు, బటన్లూ మీటలూ చేయడం కంటే వెనక దీపం పెట్టిన పలక చవక అని కూడా. ఇది చెప్తే మా వాడికి భలే నచ్చింది.) వాళ్ళని ఆశ్చర్యపరిచినవి వేరే. ఆ నౌకలో ఎవరూ డబ్బు గురించి మాట్లాడరు. పెద్దవాళ్ళు ఒకరి మాట ఒకరు పూర్తిగా విని అప్పుడు కాదంటారు. "వీళ్ళు మీటింగ్‌లో ఎంత బాగా మాట్లాడుకుంటారమ్మా" అంది మా అమ్మాయి ఒకరోజు. సరిగ్గా ఆ బల్లే! నేను ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను.

తర్వాత వరస మార్చాను. రెండో సీజన్‌లో మెజర్ ఆఫ్ ఎ మ్యాన్ పెట్టాను, డేటా అనే యంత్రమనిషి ఆ నౌకలు నడిపే స్టార్‌ఫ్లీట్ సంస్థ ఆస్తా, లేక తనకి తాను యజమానా అని కోర్టులో తేల్చే కథ. ఈ సెట్‌లో దానికి పొడిగించిన కూర్పు కూడా ఉంది, అందుకోసమైనా కొనొచ్చు. నేను దాన్ని ఎప్పుడూ బానిసత్వం కథగానే చూశాను, అందులో గైనాన్ పాత్ర ఆ మాట దాదాపు విప్పి చెప్తుంది కూడా. మా వాడు రోజూ ఏఐతో కూర్చుని హోంవర్క్ చేసే తరం. వాడు అడిగిన మొదటి ప్రశ్న, "కాదు అని చెప్పే హక్కు దానికి ముందే ఉందా, లేక కోర్టు ఇచ్చాక వచ్చిందా?" అని. రాత్రి పన్నెండున్నర దాకా అన్నాచెల్లెళ్ళు వాదించుకుంటూనే ఉన్నారు. 1989లో వచ్చిన ఎపిసోడ్ ఇది, నేను పదిసార్లు చూశాను, ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు.

అసలు ఒక తరం ప్రేమించినదాన్ని ఇంకో తరం వేరేగా చూసే ఈ గొడవ కొత్తదేమీ కాదు. మొదటి స్టార్ ట్రెక్ 1966లో మొదలై మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లతో 1969లో ఆగిపోయింది. రెండో సీజన్ అప్పుడే ఆపేస్తారని తెలిసి అభిమానులు ఉత్తరాలు రాసి నిలబెట్టారు, ఆగిపోయాక డెబ్బైల్లో లోకల్ స్టేషన్లలో మళ్ళీ మళ్ళీ వేయడం వల్ల అభిమానులు పెరిగారు. అంత పోరాడిన వాళ్ళకి 1987లో కొత్త నౌక, కొత్త కెప్టెన్ అంటే కోపం వచ్చింది, పాత కెప్టెన్ కర్క్ లేకుండా స్టార్ ట్రెక్ ఏంటి అని. ఆ కొత్తదాన్నే ప్రాణంగా పెంచుకున్న నా తోటివాళ్ళు 2017లో డిస్కవరీ అనే ఇంకో కొత్త స్టార్ ట్రెక్ సీరియల్ వచ్చినప్పుడు సరిగ్గా అవే మాటలన్నారు, నేనూ అన్నాను. నాకు ముందు తరంలో రోనాల్డ్ మూర్ లాంటివాళ్ళు ఉన్నారు, చిన్నప్పుడు పాత సీరియల్ రీరన్లు చూసి పెరిగి, మూడో సీజన్‌లో రచయితల బృందాన్ని నడిపిన మైకేల్ పిల్లర్ బయటివాళ్ళ స్క్రిప్టులకి తలుపు తెరిస్తే ఆ దారిన లోపలికి వచ్చి రచయిత అయ్యాడు. మూడో సీజన్ డిస్కుల్లో రచయితలందరూ కూర్చుని మాట్లాడుకునే గంటసేపు వీడియో ఉంది, తప్పకుండా చూడండి. అందులో భారతీయ మూలాలున్న నరేన్ శంకర్ కూడా ఉంటాడు, కార్నెల్‌లో ఇంజనీరింగ్ పీహెచ్‌డీ చేసి టీవీ కథల్లోకి వచ్చినవాడు. మా వాడు ఆ వీడియో రెండుసార్లు చూశాడు.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్న సంగతి. డార్మాక్, ఐదో సీజన్, 1991. టమారియన్లు అనే జాతి మాట్లాడే ప్రతి మాటా నౌకలో యంత్రం అనువదిస్తుంది, కానీ ఒక్క ముక్క అర్థం కాదు, ఎందుకంటే వాళ్ళు అన్నీ వాళ్ళ పురాణాల్లోంచే చెప్తారు. ఓడిపోయాం అనడానికి "గోడలు కూలినప్పుడు షాకా" అంటారు. ఆ కథ తెలిస్తేనే మాట తెలుస్తుంది. పికార్డ్‌తో స్నేహం కుదరడానికి వాళ్ళ కెప్టెన్ ఒక మృగంతో కలిసి పోరాడే పరిస్థితి తెచ్చి, ఆ కథని ఇద్దరూ బతికేలా చేసి, ప్రాణం వదులుతాడు.

ఆ వారమే మా అత్తయ్య ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. పొద్దున వంటింటి గుమ్మంలో ఫోన్ చూసుకుంటూ నిలబడ్డ మా అమ్మాయిని, "ఏంటే సైంధవుడిలా అడ్డంగా నుంచున్నావు" అన్నారు. ఇక్కడే పుట్టి పెరిగినా దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది, అడ్డం తెలుసు, నుంచోవడం తెలుసు, సైంధవుడు తెలియదు. నవ్వేసి జరిగింది. రాత్రి డార్మాక్ చూస్తూ సగంలో డిస్కు ఆపి, "అమ్మా, నానమ్మ టమారియన్ కదా!" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ రాత్రి పేపర్ తెచ్చుకుని నానమ్మ పక్కన కూర్చుంది. భగీరథ ప్రయత్నం, త్రిశంకు స్వర్గం, కుంభకర్ణుడి నిద్ర, రామబాణం, ఒక్కొక్కటీ ఆవిడ కథ చెప్పడం, ఇది ఇంగ్లీషు లిపిలో రాసుకోవడం. పద్మవ్యూహం ముఖద్వారం దగ్గర సైంధవుడు పాండవుల్ని ఆపిన కథ చెప్పేటప్పుడు అత్తయ్య లేచి నిలబడి చేతులు చాపి చూపించారు. నేను పదిహేడేళ్ళుగా పిల్లకి తెలుగు నేర్పుతున్నాననుకున్నాను, మాటలు ఇచ్చాను కానీ కథలు ఇవ్వలేదు. ఆదివారం క్లాసుల కోసం కారేసుకుని ఎంత దూరం తిప్పానో.

ఆ ఊపులో ఇన్నర్ లైట్ అనే ఎపిసోడ్ పెట్టాను. ఇంగ్లీషు రాని అత్తయ్య కూడా కూర్చున్నారు, పక్కన మనవరాలు వచ్చీరాని తెలుగులో చెప్తోంది. అంతరిక్షంలో దొరికిన ఒక పరికరం తగిలి పికార్డ్ స్పృహ తప్పుతాడు, కళ్ళు తెరిస్తే వేరే గ్రహంలో ఒక ఊరు. భార్య, స్నేహితుడు, వానలు పడని పొలాలు. మొదట కాదంటాడు, తర్వాత ఒప్పుకుంటాడు, పిల్లలు పుడతారు, పిల్లనగ్రోవి నేర్చుకుంటాడు, ముసలివాడవుతాడు. ఆ లోకం వెయ్యేళ్ళ క్రితమే సూర్యుడు పేలి పోయిందనీ, తమని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలనే ఆ పరికరం పంపారనీ చివర్లో తెలుస్తుంది. లేచి చూస్తే నౌకలో గడిచింది ఇరవై అయిదు నిమిషాలు. (అందులో కొడుకుగా వేసింది పాట్రిక్ స్టీవర్ట్ సొంత కొడుకు డేనియల్.) 1993లో దీనికి హ్యూగో అవార్డు వచ్చింది.

అయిపోయాక అత్తయ్య, "ఇది నారదుడి కథ కదమ్మాయ్" అన్నారు. మాయ అంటే ఏమిటో చూపించమని నారదుడు విష్ణువుని అడిగితే, కొలనులో మునిగి లేచేసరికి ఆడమనిషైపోయి, రాజుని పెళ్ళాడి, అరవైమంది కొడుకుల్ని కని, వాళ్ళందర్నీ యుద్ధంలో పోగొట్టుకుని, ఏడుస్తూ మళ్ళీ మునిగి లేస్తే ఒడ్డున తన తంబురా అలాగే ఉంటుంది. ఆ అరవైమంది పేర్లే ప్రభవ, విభవ అని మన సంవత్సరాల పేర్లు. ఈ కథ నాకూ తెలుసు, చిన్నప్పుడు ఉగాదికి విన్నాను. ఇన్నర్ లైట్ ఇరవైసార్లు చూసి ప్రతిసారీ ఏడ్చాను కానీ ఈ రెండూ ఎప్పుడూ కలపలేదు. ఆవిడ ఇంకో మాటన్నారు: "నారదుడికి పిల్లల పేర్లన్నా మిగిలాయి, పాపం ఈయనకి పిల్లనగ్రోవి ఒక్కటే." మా అమ్మాయి ఆ మాటకి కళ్ళు తుడుచుకుంది. సీరియల్ గురించి నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఇంత మంచి మాట లేదు.

2023లో పికార్డ్ అనే కొత్త సీరియల్ మూడో సీజన్‌లో పాత నౌక, పాత మనుషులందరూ తిరిగొచ్చినప్పుడు, బ్రిడ్జి మీద దీపాలు వెలగ్గానే నేను వెక్కి వెక్కి ఏడ్చాను, పిల్లలు కంగారుపడ్డారు. అది నా ఏడుపు, నా 2002ది. ఇన్నర్ లైట్‌కి మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంది చూశారా, అది దానిది.

డిస్కులెందుకు అన్న ప్రశ్నకి వస్తే, ఇదే హెచ్‌డీ బొమ్మ యాప్‌లోనూ ఉంది, అది నిజం. కానీ యాప్‌లో ఎవరి గదిలో వాళ్ళు చూస్తారు. డిస్కుకి లేచి వెళ్ళి పెట్టాలి, హాల్లో ఒకే ప్లేయర్ ఉంటుంది, తర్వాతది దానంతటదే మొదలవదు కాబట్టి మాట్లాడుకునే టైమ్ ఉంటుంది. పైగా యాప్‌లో ఈరోజు ఉన్నది రేపు ఉంటుందని నమ్మకం లేదు. ఇంకో బాధ కూడా చెప్పాలి. ఈ సెట్లు ఆశించినంత అమ్ముడుపోలేదు, అప్పటికే జనం డిస్కులు కొనడం మానేశారు, ఆ దెబ్బకి తర్వాతి సీరియళ్ళు డీప్ స్పేస్ నైన్, వాయేజర్‌లకి ఈ పని చేయలేదు. అవి ఇప్పటికీ ఆ మసక టేప్ బొమ్మలోనే ఉన్నాయి. డీప్ స్పేస్ నైన్ డాక్యుమెంటరీ కోసం కొన్ని దృశ్యాలు మాత్రం హెచ్‌డీ చేశారు, అవి చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఎవరు కొనాలంటే, ఇంట్లో హాల్లో కలిసి కూర్చునే అలవాటున్నవాళ్ళు కొనండి. పిల్లలకి చూపించాలనుకుంటే మొదటి సీజన్‌తో మొదలుపెట్టొద్దు, మెజర్ ఆఫ్ ఎ మ్యాన్, తర్వాత మూడో సీజన్, నచ్చితే అప్పుడు వెనక్కి. ఒక్కరే చూసుకునేవాళ్ళకి యాప్ చాలు. పెట్టెకి అయిదులో రెండు, బొమ్మకీ లోపలున్న ప్రత్యేక వీడియోలకీ అయిదుకి అయిదు.

అత్తయ్య ఏప్రిల్‌లో వెళ్ళిపోయారు. మా అమ్మాయి ఆగస్టులో కాలేజీకి ఆస్టిన్ వెళ్తోంది. ఏడో సీజన్ డిస్కులు విప్పొద్దని, థ్యాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు నానమ్మని వీడియో కాల్‌లో పెట్టుకుని అందరం చూద్దామని చెప్పింది. ఆ ఆరు డిస్కులూ పక్కకి తీసి దేవుడి గదిలో అల్మారాలో పెట్టింది, నేను ముట్టుకోకుండా.